ఒడ్డున నిలుచువాని ధర్మము

ఏప్రిల్ నెల నడుమ మన తెలుగునాట ఎండలు ముదిరి, వీధుల మొగలందు చలివేంద్రములు వెలసి, శ్రీరామనవమి పందిళ్లలో పానకము పంచు దినములలో, భూగోళమున కావలి వైపున ఇంకను చలి వదలని ప్రదేశములు కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యపు కొసనున్న మేన్ రాష్ట్రము అట్టిది. ఆ దినములలో అచ్చటి చెట్లు ఇంకను మోడులుగనే యుండును. శీతకాలమంతయు పేరుకొనిన మంచు కరగి వాగులను పొంగించును. ఆ వాగులలో కెండస్కెగ్ అనునది ఒకటి. అది బ్యాంగోర్ పట్టణమున పెనాబ్‌స్కాట్ నదిలో కలియును. ఆ వాగుపై 1967వ సంవత్సరము నుండి ప్రతి వసంతారంభమునను దోనెల పందెము జరుపుట అచ్చటివారికి ఆచారమైనది.

ఆ దోనెను వారు కనూ అందురు. రెండు కొసలును సన్నగిలి, నడుము కొంచెము వెడల్పుగా నుండు తేలికైన నావ యది. తెరచాప లేదు, చుక్కాని లేదు. అందు కూర్చున్నవారు చేతనున్న తెడ్డుతోనే దానిని నడుపుకొనవలెను. ఆ ప్రాంతపు ఆదివాసులు పూర్వము భూర్జవృక్షపు బెరడుతో నిర్మించుకొనిన నావయే దీనికి మూలము. పందెపు దూరము 16.5 మైళ్లు, అనగా సుమారు ఇరువదియాఱున్నర కిలోమీటర్లు. మొదటి పది మైళ్లు నీరు నెమ్మదిగా సాగును. తరువాత బండలు, సుడులు, నురుగులు. పందెగాండ్రలో ఆరితేరినవారు కొందరు. వినోదము కొరకు కుటుంబముతోను, మిత్రులతోను దిగువారు పెక్కుమంది.

బ్యాంగోర్ పట్టణమునకు ఎగువన సిక్స్ మైల్ ఫాల్స్ అను చోటు కలదు. ఆరు మైళ్ల జలపాతమని దాని అర్థము. జలపాతమని పేరే గాని, నిజమునకు అది నీరు బండల మీదుగా మెట్టుమెట్టుగా ఉరుకుచు దిగు స్థలము. పందెపు దోనెలకు అచ్చట పరీక్ష. తెడ్డు ఒక్క క్షణము తడబడినచో దోనె అడ్డము తిరుగును; అడ్డము తిరిగిన దోనె నీటితో నిండి బోర్లపడును; అందులోనివారు ఎముకలు కొరుకు మంచునీట మునిగి తేలుదురు. చూడవచ్చిన జనులు దట్టముగా గుమిగూడునదియు ఆ చోటనే. ఉన్నికోటులు తొడిగికొని, చేతులు రాపాడించుకొనుచు, పిల్లలను భుజములకెత్తుకొని, ఏ దోనె బోల్తాపడునా యని వారు చూచుచుందురు. ఈ ప్రేక్షకులకు అచ్చటివారు పరిహాసముగా ఒక పేరు పెట్టిరి. ఆ పేరు నది రాబందులు.

పరిహాసముగా అన్న మాటయే ఒక్కొక్కప్పుడు మనిషిని ఆలోచింపజేయును. ఒకడు పడునేమో యని ఎదురుచూచుటలో దోషము కలదా? చూచువాడు ఎవరిని తోయలేదు. నీటిని పొంగింపలేదు. దారిలో బండ నమర్చలేదు. పడినవాడును తన యిష్టముతో పందెమునకు దిగినవాడే. చేతితో చేయనిది, నోటితో అననిది, కేవలము కంటితో చూచినది పాపమగునా?

ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పరాదు. ఆ వాగున పడినవారు లైఫ్ జాకెట్లు ధరించియుందురు. ఆపదనాదుకొనుటకు శిక్షణ పొందినవారు గట్టున సిద్ధముగా నుందురు. పడి లేచినవారు సైతము ఒడ్డుకు చేరి, నీరోడుచున్న బట్టలతో తామును నవ్వుదురు. ఇట్టి నవ్వును ధర్మశాస్త్రమేదియు నిషేధింపలేదు. వైష్ణవునికి ఆట పరాయిది కాదు. శ్రీమద్భాగవతమున బాలకృష్ణుడు గోపబాలురతో ఆడని ఆట లేదు. ఓడినవాడు గెలిచినవానిని వీపున మోయవలెనను నియమముతో వారొకనాడు ఆడిరి. ఆనాడు సకలలోకములను మోయు స్వామియే ఓడి, శ్రీదాముని తన వీపున మోసెను. చుట్టునున్న పిల్లలు నవ్వకుందురా? ఆ నవ్వులో కల్మషము లేదు. ఓటమియు ఆటలో భాగమే, మోతయు ఆటలో భాగమే.

కావున దోషము నవ్వులో లేదు. మరి ఎచ్చటనున్నది?

ఆ జలపాతపు గట్టున ఒకే బండపై ఇద్దరు నిలిచియున్నారనుకొందము. ఒకే దోనె ఇద్దరి కంట బడుచున్నది. ఒకడు మనసులో "దాటునా?" అనుకొనుచున్నాడు. రెండవవాడు "పడునా?" అనుకొనుచున్నాడు. దోనె బోర్లపడినచో ఇద్దరును ఒక్కసారి కేక వేయుదురు. వారిని వేరుపరచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. కాని దోనె ఒడుపుగా మలుపు తిరిగి, బండల నడుమ నుండి క్షేమముగా జారిపోయినదనుకొనుడు. అప్పుడు మొదటివాని గుండె తేలికపడును. రెండవవానికి లోలోపల ఒక చిన్న నిరాశ కలుగును. ఇతరుని క్షేమము చూచినప్పుడు తనలో పుట్టు ఆ చిన్న నిరాశయే గీటురాయి. దానిని పక్కనున్నవాడు చూడలేడు. కాని తాను చూడగలడు. తనలోనున్న అంతర్యామి తప్పక చూచును.

"ఇంత చిన్న విషయమునకు ఇంత విచారణ యేల? అది ఆటయే కదా" అని యెవరైన అనవచ్చును. మహాభారతమున కురుకులమును దహించిన అగ్నియు ఆటగనే మొదలైనది. హస్తినాపురపు సభకు భీష్మ ద్రోణాదులు ప్రేక్షకులుగా వచ్చి కూర్చుండిరి. పాచికలు పడుచుండగా ఆ సభలో ఇరువురు ప్రేక్షకులు ఎట్లుండిరో వ్యాసమహర్షి మనకు చూపినాడు. ధర్మరాజు ద్రౌపదిని పణముగా ఒడ్డిన క్షణమున పుట్టుగ్రుడ్డియైన ధృతరాష్ట్రుడు ఉల్లాసమును అణచుకొనలేక, గెలిచినారా గెలిచినారా యని మరల మరల అడిగెను. అదే క్షణమున విదురుడు తల చేతులలో పట్టుకొని, ప్రాణము పోయినవానివలె తలవంచి నిట్టూర్చుచుండెను.

ధృతరాష్ట్రుడు పాచిక ముట్టలేదు. ద్రౌపది కొంగు పట్టలేదు. అతనికి చూపే లేదు. అయినను ఆ సభలో అతనికంటె ఆత్రముగల ప్రేక్షకుడు మరియొకడు లేడు. చూచుట కన్నుల పని యని మనమనుకొందుము. కాని ఇతరుని పతనమునకై కాచుకొనియుండునది కన్ను కాదు, మనస్సు. విదురుడు ఆ ఆటను ముందే వలదన్నాడు, ఆగనప్పుడు దుఃఖించినాడు. సభలో అతని మాట చెల్లలేదు. కాని కాలాంతరమున రాయబారిగా వచ్చిన శ్రీకృష్ణస్వామి దుర్యోధనుని విందును కాదని భుజించినది ఎవరి యింట? ఆనాడు తల పట్టుకొని కూర్చున్న ఆ ప్రేక్షకుని యింటనే. తనవారి ఆపదను చూచి ఎవడు తల్లడిల్లెనో స్వామి మరువలేదు.

ఇక మరల రాబందు మాటకు వత్తము. మేన్ రాష్ట్రమువారు రాబందను పేరును పరిహాసమునకు వాడుకొనిరి. పడినదాని కొరకు కాచుకొనియుండు పక్షి గనుక ఆ పోలిక వారికి తోచినది. కాని రామాయణము విని పెరిగినవాని చెవికి ఆ మాట మరియొక విధముగా వినబడును. మన కథలలో ఒక రాబందు కలదు. ఆ పక్షి పేరు జటాయువు.

రావణుడు సీతమ్మను ఎత్తుకొనిపోవుచున్నప్పుడు ఆ వృద్ధ గృధ్రము చెట్టుపై కునుకు పట్టియుండెను. ఆర్తనాదము చెవిని బడగానే కన్ను తెరచెను. చూచెను. తన బలమెంతయో, ఎదుటివాని బలమెంతయో ఆ పక్షికి తెలియును. తాను ముసలివాడననియు, రావణుడు యువకుడు, రథారూఢుడు, ఆయుధపాణియనియు తన నోటనే చెప్పెను. మొదట ధర్మము చెప్పి మాన్ప జూచెను. మాట చెల్లనప్పుడు ముక్కుతోను, గోళ్లతోను పోరాడెను. రథమును విరిచెను. తుదకు రెక్కలు తెగి నేల గూలెను. సీతమ్మను విడిపింపలేకపోయెను.

లోకము లెక్కలో అది ఓటమి. శ్రీరామచంద్రుని లెక్కలో అది వేరు. సీతను కోల్పోయిన దుఃఖముకంటె తన కొరకు ప్రాణమిచ్చిన ఈ పక్షి మరణము తన్ను ఎక్కువ బాధించుచున్నదని ఆయన లక్ష్మణునితో అనెను. దశరథుని యంత్యకాలమున తాను దగ్గర లేకపోయిన ఆ కుమారుడు ఒక పక్షికి తన చేతులతో చితి పేర్చి, తండ్రికి వలె ఉత్తరక్రియలు జరిపెను. కాంచీపురమునకు చేరువనున్న తిరుప్పుట్కుళి దివ్యదేశమున విజయరాఘవస్వామి సన్నిధి నేటికిని ఈ వృత్తాంతమునే స్మరింపజేయును. మన లేపాక్షిలో జటాయువు పడినదని స్థానికులు తరతరములుగా చెప్పుకొందురు. గెలిచిన వీరుల పేర్లు మరుగునపడిన ఊళ్లు ఎన్నియో కలవు. ఓడిన ఒక రాబందును మాత్రము భక్తులు నేటికిని తలచుకొనుచున్నారు.

పడినదాని కొరకు వేచియుండునది ఒక రాబందు. పడుచున్నవారి కొరకు తాను పడునది మరియొక రాబందు. రెండును చూచుచున్నవే, రెండింటి చూపును వాడియైనదే. ఆ వాడిచూపు దేని కొరకు మేలుకొనియున్నదను దానియందే భేదమంతయు నున్నది.

అయోధ్యాకాండమున దశరథుడు శ్రీరామునకు యౌవరాజ్యపట్టము కట్టదలచి ప్రజలనడిగినప్పుడు వారు రాముని గుణములను వర్ణించిరి. ఆ గుణములలో రెండు ఈ ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పుచున్నవి. మనుష్యులకు ఆపద కలిగినప్పుడు రాముడు మిక్కిలి దుఃఖించునట. వారి యిండ్ల నుత్సవములు జరిగినప్పుడు తండ్రివలె సంతోషించునట. రాజునకు చేయదగిన ఉపకారములు వేయి యుండగా, ప్రజలు ఆయన మనస్సు తమ మనస్సుతో పాటు కదలుటను గొప్పగా చెప్పుకొనిరి. ఆపదలో దుఃఖించుటకంటె ఉత్సవమున సంతోషించుటయే ఒక్కొక్కప్పుడు కష్టతరము. పొరుగువాని బిడ్డ పరీక్షలో తప్పినప్పుడు అయ్యో యనుట తేలిక. వాడు మన బిడ్డకంటె మంచి మార్కులు తెచ్చుకొనినప్పుడు మనసార సంతసించుట తేలిక కాదు. ఒకరి దోనె క్షేమముగా దాటినప్పుడు నిరాశ కలుగని మనస్సు రామునకు దగ్గరి మనస్సు.

వేదాంతమునను ఈ చూపు ప్రస్తావన కలదు. ముండకోపనిషత్తు ఒకే చెట్టుపైనున్న రెండు పక్షులను చెప్పును. ఒకటి పండును తినును. రెండవది తినక చూచుచుండును. చూచునది పరమాత్మ. ఆ చూపు ఒట్టి ఉదాసీనపు చూపైనచో జీవునికి దానివలన నేమి ప్రయోజనము? కాని ఉపనిషత్తు అచ్చట ఆగలేదు. దుఃఖించుచున్న మొదటి పక్షి తల యెత్తి రెండవదానిని ఎప్పుడు చూచునో అప్పుడే దాని శోకము తొలగునని చెప్పినది. ఆ చూపు శోకమును తీర్చు చూపు. భగవద్గీత పదమూడవ అధ్యాయమున దేహమందలి పురుషుని వర్ణించుచు గీతాచార్యుడు ఉపద్రష్ట అనెను, అనుమంత అనెను, భర్త అనెను. దగ్గర నుండి చూచువాడు, సమ్మతించువాడు, భరించువాడు. ఈ మూడు మాటలను ఒకే వరుసలో చెప్పుట గమనింపదగినది. దగ్గర నుండి చూచినవాడు సమ్మతించుటయో, సమ్మతింపకుండుటయో తప్పదు. సమ్మతించినదాని భారమును తాను వహింపకయు తప్పదు. నేను చూచితిని, అంతే, నాకు సంబంధము లేదు అనుటకు అందు చోటు లేదు.

ఈ ధర్మము గ్రంథములకు పరిమితమైనది కాదు. మన గోదావరియే దానికి సాక్షి. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, నది వరద మీదనుండగా, పాపికొండలు చూడబోవుచున్న యాత్రికుల పడవ దేవీపట్నము మండలమున కచ్చులూరు వద్ద మునిగినది. ఆబాలవృద్ధముగా అనేకులు ఆ సుడులలో కలిసిపోయిరి. 26 మంది ప్రాణములతో బయటపడిరి. గట్టు మీది పల్లెలవారు ఆపదను చూచి తమ నాటుపడవలలో ఎదురేగి, నీట కొట్టుకొనిపోవుచున్నవారిని పైకి లాగిరి. వారికి బంధుత్వము లేదు, వేతనము లేదు. మునుగుచున్నవారి ఊరు పేరు వారికి తెలియదు. ఆ వరదలో దిగినచో తమ పడవయు తిరగబడవచ్చునని మాత్రము, నిత్యము ఆ నదిపై బ్రతుకువారు గనుక, అందరికంటె వారికే బాగుగా తెలియును. తెలిసియు దిగిరి. చెట్టుపై కన్ను తెరచిన ఆ వృద్ధ పక్షి వంశము ఇంకను అంతరింపలేదు.

దానికి ఎదురుగా మన రహదారులపై నిత్యము కనబడు మరియొక దృశ్యము కలదు. ద్విచక్రవాహనము జారి ఒకడు పడును. చుట్టును జనము మూగుదురు. ఆ మూగినవారి చేతులలో నీళ్ల సీసాలకంటె సెల్‌ఫోన్లు ఎక్కువగా కనబడును. పడినవాని ముఖమును చిత్రము తీయు చేయి, అతని తలక్రింద గుడ్డ మడిచి పెట్టదు. పోలీసుల విచారణ, కోర్టు వాయిదాలు తన మెడకు చుట్టుకొనునను భయము ఒకప్పుడు జనులను వెనుకకు లాగెడిది. ఆ భయమును పోగొట్టుటకే 2016లో సుప్రీంకోర్టు సహాయము చేయువారికి రక్షణ కల్పించు మార్గదర్శకములను ఆమోదించినది. 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ఆ రక్షణను శాసనము చేసినది. సదుద్దేశముతో ఆదుకొనినవానిని చట్టము బాధింపదు. చట్టము భయమును తీర్పగలదు, మనస్సును కదలింపలేదు. ఆ కదలిక ముందుగనే అలవడియుండవలెను.

అలవాటు ఎచ్చట మొదలగును? ఆపద వచ్చిన నాడు కాదు. ఆపద లేని నాడు, ఆటను చూచునప్పుడు, పొరుగింటి వార్త వినునప్పుడు, ఇతరుని పొరపాటును నలుగురిలో చెప్పుకొనునప్పుడు. "వాడు పడునా" యని ఎదురుచూచుటకు చిన్ననాట అలవడిన కన్ను, పెద్దనాట రక్తము కారుచున్నవానిని చూచియు అదే ఎదురుచూపుతో నిలిచిపోవును. "వాడు దాటునా" యని గుండె బిగబట్టి చూచుటకు అలవడిన కన్ను, కాలు జారినవానిని చూడగనే తనకు తెలియకయే ఒక అడుగు ముందుకు వేయించును. అందుచేతనే ఆట చిన్నది కాదు.

మరి ఏమియు చేయలేనివాని మాట? వృద్ధుడు, ఈత రానివాడు, దూరముననున్నవాడు ఏమి చేయవలెను? విదురుడు చేసినది చేయవచ్చును: వలసినప్పుడు వలదని చెప్పుట, అది చెల్లనప్పుడు ఆ దుఃఖమును తనదిగా పంచుకొనుట. భగవంతుని పిలుచుట యున్నది. మునుగుచున్నవాని తరపున ఒడ్డుననున్నవాడు చేయు ప్రార్థనను స్వామి వినడని యెవరు చెప్పగలరు? కాని చేయి చాపగలవాడు ప్రార్థనతో సరిపుచ్చుకొనుట ప్రార్థనకే అపచారము.

కెండస్కెగ్ గట్టున చలిలో నిలిచినవారిని నిందించుటకు ఈ విచారణ కాదు. వారు తమ్ము తాము రాబందులని నవ్వుకొనగలిగినవారు. అట్టి నవ్వులో కొంత ఆత్మపరిశీలనయు లేకపోలేదు. దోనె తిరగబడి మంచునీట వణకుచు గట్టుకు చేరినవాడు మరల దోనెను నిలబెట్టుకొని, నీరు తోడి పోసికొని, తెడ్డు పట్టి సాగుట కలదు. ఆ దృశ్యమును చూచి చప్పట్లు కొట్టుటకైన ఒకడు అచ్చట నిలిచియుండుట మంచిదే. పడుటను చూచి వెళ్లిపోవువాడు సగమే చూచినవాడు. లేచుటను కూడ చూచి, లేచుటకు చేయి యిచ్చినవాడు నిండుగా చూచినవాడు.

అలిపిరి నుండి తిరుమల కొండకు 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతము దగ్గరకు వచ్చుసరికి ఎంతటి దృఢకాయునకైనను ఊపిరి బరువగును. అచ్చట మెట్టు మీద చతికిలపడి, చెమటలు క్రమ్మి, ఇక నావల్ల కాదని కన్నులు మూసికొనిన వృద్ధురాలి ప్రక్కగా వందలమంది పోవుచుందురు. అందరును ఆమెను చూచినవారే. వారిలో ఎవడో ఒకడు ఆగును. తన చెంబులోని నీరు ఇచ్చును. ఆమె మూటను తన భుజమున వేసికొనును. "అమ్మా, ఇంక కొంచెమే" అని చేయి యందించును. క్రింది నుండి ఎవరో "గోవిందా" యని పిలుతురు. పైనున్నవారు "గోవింద" యని పలుకుదురు. ఆమె లేచును.

ఆ రోజు ఏడుకొండలవాని దర్శనము వారిలో ఎవరికి ముందుగా జరిగినదో ఆలోచింపవలసిన మాట.